గాలికి బదులు దూది

ఆ రోజుల్లో మా జమ్మికుంటలో కాలాలు మూడు కావు, రెండే. పత్తి ఉన్న కాలం, పత్తి లేని కాలం. పత్తి ఉన్నన్నాళ్లూ ప్రతి మనిషినీ ఎవరో ఒకరు పేరుపెట్టి పిలిచేవారు. బండి దించమని ఒకరు, బేలు కట్టమని ఒకరు. హోలీ దాటి ఆఖరి పత్తి బండి వెళ్లిపోయి, జిన్నింగు మిల్లు గేటుకు తాళం పడిందంటే మేమంతా ఒక్క పూటలో ఎవరికీ అక్కర్లేని వాళ్లమైపోయేవాళ్లం. సగం మంది బొంబాయి బండెక్కేవాళ్లు. మిగిలిన సగం మంది, వెళ్లినవాళ్ల గురించి మాట్లాడుకుంటూ మిల్లు గోడ నీడతో పాటు జరుగుతూ కూర్చునేవాళ్లు. అలాంటి పత్తి లేని కాలంలో పుట్టి, మళ్లీ పత్తి రాకముందే కన్నుమూసిన ఒక ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర ఇది. పెద్ద పట్టణాల్లో వందేళ్లు బతికిన క్లబ్బులున్నాయట, వాటి సంగతులు రాయడానికి చదువుకున్నవాళ్లున్నారట. మాది నాలుగున్నర నెలల క్లబ్బు. ఐదో తరగతిలో ఆగిపోయిన నా చదువు దానికి సరిగ్గా సరిపోతుంది. (బడిని నేను మానేశానని మా బాపు అనేవాడు. బడే నన్ను మానేసిందని నా వాదన. పంతులు ఏ పక్షమో చివరిదాకా చెప్పలేదు.) పైగా ఆ క్లబ్బును చంపింది నేనే కనుక, దాని ఆఖరి గడియల గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

క్లబ్బు పెట్టింది మా ఫౌజు మామ. నిజాం కాలంలో ఆయన ఫౌజులో ఉండేవాడు. పోలీస్ యాక్షన్ తర్వాత ఆ ఫౌజే లేకుండా పోయేసరికి ఇంటికి తిరిగొచ్చి మా మిల్లులో ఇంజను దగ్గర పనికి కుదిరాడు. సర్కారు ఆయన దగ్గర తుపాకీ, టోపీ, బూట్లు అన్నీ గుర్తుపెట్టుకుని తీసుకుంది గానీ, ఒక తోలు బంతినీ ఒక ఈలనూ మాత్రం మరిచిపోయింది. ఏళ్ల తరబడి వాటిని ఇనప్పెట్టెలో దాచుకున్న మనిషి, నయా పైసలు వచ్చిన ఏడాది, ఉగాది వెళ్లిన వారానికి బయటికి తీశాడు. గోడ నీడలో కూర్చున్న మమ్మల్ని లేపి నిలబెట్టి, "పని లేక మీరంత పాడైపోతున్నరు. రేపట్నుంచి మైదాన్ల ఆడాలె" అన్నాడు. మైదానం అంటే మరేమీ కాదు, మిల్లు వెనక పత్తి బండ్లు ఆగే ఖాళీ జాగా. "పాడుగావాల్నన్నా చేతుల పైసలుండాలె గద మామా" అన్నాను నేను. అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. ఈల ఊదాడు. మా క్లబ్బు ప్రారంభోత్సవం అదే.

మా జట్టు సంగతి చెప్పాలంటే ముందు మా పని సంగతి చెప్పాలి. గింజ తీసిన దూదిని పెద్ద పెట్టెలో పోస్తే, మేము అందులోకి దిగి కాళ్లతో తొక్కేవాళ్లం. గట్టిగా తొక్కాక పైనుంచి మర బిగిస్తే బేలు తయారు. పదకొండు మందిలో ఎనిమిది మందిమి ఆ తొక్కుడు పనివాళ్లమే. చిన్నప్పట్నుంచీ మా కాళ్లకు వచ్చిన విద్య అదొక్కటే. బంతి దగ్గరికొస్తే తన్నాలని మామ చెప్పేవాడు, మాకు తెలియకుండానే కాలు లేచి దాని మీద దిగేది. "తన్నుండ్రి బేవకూఫ్‌లారా, తొక్కుడు గాదు" అని అరిచీ అరిచీ ఆయన గొంతు పోయింది. తర్వాత ఈలతోనే తిట్టేవాడు. ఆటకు బనీన్లు కావాలంటే బేళ్ల మీద చుట్టే గోనె బట్టతో కుట్టించాడు. అది తొడుక్కుని వానలో తడిస్తే ఒళ్లంతా ఒకటే దురద. మొదటి ఆట రైలు పట్టాల పనివాళ్లతో జరిగింది. బంతి మా వైపు వచ్చినప్పుడల్లా మాలో నలుగురైదుగురు వీపు గోక్కుంటూ ఉన్నారు. ఎన్ని గోల్సు పడ్డాయో లెక్కపెట్టేవాడు మధ్యలో విసిగి ఇంటికి పోయాడు. రెండో ఆటకు అవతలి జట్టు రాలేదు. దాన్ని మేము గెలుపు కింద రాసుకున్నాం. మూడోది ఆఖరిది. దాని గురించే ఈ గోడు.

ఇంతమందిలో ఆటగాడంటూ ఒకడుంటే అది మా బావ, మా అక్క పెనిమిటి. బొంబాయి బట్టల మిల్లులో మగ్గం మీద పనిచేస్తూ, ఆదివారాలు అక్కడి కార్మికులతో ఆడి నేర్చుకున్నాడు. మనిషి మాట్లాడితే నత్తి, నడిస్తే నిదానం. బంతి కాలికి తగిలిందా, ఇక ఆయన వేరే మనిషి. నలుగురి మధ్యలోంచి నీళ్లు జారినట్టు జారిపోయేవాడు. ఫౌజు మామ ఆయన ఆట చూస్తూ ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయేవాడు. కానీ ఆ బొంబాయిలో ఒక గదిలో పన్నెండు మంది, వంతులేసుకుని పడుకునేవాళ్లు. భార్యను తీసుకుపోయే వీలు లేదు. పెళ్లై నాలుగేళ్లయినా మా అక్క, బావ కలిసి బతికింది పత్తి ఉన్న నెలలే. ఆ ఏడు జ్వరం వచ్చి ఆయన బొంబాయి ప్రయాణం ఆగింది. జ్వరం తగ్గి మూట కట్టుకునే వేళకు ఫౌజు మామ ఒక ఉత్తరం పట్టుకొచ్చాడు.

ఆదిలాబాద్ అడవుల దిక్కు ఒక కాగితం మిల్లు ఉంది. అక్కడ గేటు కాపలా కాసే పాత ఫౌజు స్నేహితుడు రాశాడు. మిల్లువాళ్లు ఫుట్‌బాల్ జట్టు కడుతున్నారట, బాగా ఆడేవాళ్లకు ఏడాది పొడవునా ఉండే పని, ఉండటానికి క్వార్టరు ఇస్తారట, ఆటగాళ్లను ఏరే సాబు శ్రావణంలో ఒక ఆదివారం మా ఊళ్లో దిగి ఆట చూసి సాయంత్రం బండికి వెళ్లిపోతాడట. బావ మూట విప్పేశాడు. అక్క ఆ వారమంతా, ఇంకా చూడని ఆ క్వార్టరులో పొయ్యి ఏ మూలన పెట్టాలో ఆలోచిస్తూ గడిపింది. ఆట రెండు రోజులుందనగా నన్ను పిలిచి, చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా అంది:

"తమ్మీ, నీతోటి నాకు ఒక్కటే పని. ఆ ఒక్క దినం నువ్వు ఏం చెయ్యకు."

"ఏం చెయ్యకుంట ఎట్లనే అక్కా, నేను గుడ ఆడాలె గద."

"గదే చెప్తున్న. ఆడకు. నిలబడు. బంతి వస్తే జర పక్కకు జరుగు."

"మరి పక్కకు జరిగిన కాడికి గుడ వస్తే?"

"నీ నోట్లె మన్నువడ, నవ్వియ్యకురా. నాకు బుగులైతుంది" అంది. ఆమె కళ్లలో నిజంగానే భయం ఉంది. చేతిలో చెయ్యేసి మాటిచ్చాను.

శనివారం మధ్యాహ్నం ఫౌజు మామ బంతి నా చేతికిచ్చి సైకిల్ దుకాణంలో గాలి కొట్టించుకు రమ్మన్నాడు. "పది దెబ్బలు చాలు. పదకొండోది కొట్టకు" అని మరీ చెప్పాడు. దుకాణం దగ్గర నలుగురు చేరారు. రేపు సాబు వస్తున్నాడట గదా, ఎట్లుంటాడు అని అడిగారు. నేను చూసింది లేదు. అయినా చూపించాలనిపించింది. పంపు కొడుతూనే, కాగితం మిల్లు సాబు బండి దిగి మా గోనె బనీన్లను చూసి ఏమంటాడో, ఎలా దగ్గుతాడో, ఎలా మీసం దువ్వుతాడో చేసి చూపించాను. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే నా నోరు ఆగలేదు. నోరు ఆగకపోతే నా చెయ్యి కూడా ఆగదు, అదొక జబ్బు. ఢామ్మని మోగింది. లోపలి రబ్బరు బ్లాడరు చిరిగి మూడు ముక్కలైంది. సైకిల్ దుకాణం చిచ్చా ఆ ముక్కలను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది పంచరు గాదు కొడుకా. దీనికి ఇగ దినాలు చేసుడే" అన్నాడు.

కొత్త బ్లాడరు కావాలంటే వరంగల్ పోవాలి. ఆ పూట బండి లేదు. ఇంకొక దారి ఉండేది. మాతో ఆడటానికి వచ్చే పక్క ఊరి మిషన్ బడి పిల్లల దగ్గర మంచి బంతి ఉంది. ఎవరి ఊళ్లో ఆట ఉంటే బంతి వాళ్లే పెట్టాలన్న లెక్కన వాళ్లు దాన్ని తేరు. సైకిలెక్కి పోయి ఒక్క మాట చెబితే, ఆ బడి నడిపే పాస్టరయ్య నవ్వుకుని పిల్లలతో తెప్పించేవాడు. ఆ మాట చెప్పాలంటే ముందు ఫౌజు మామకు సంగతి చెప్పాలి, ఆయన చెవినుంచి అది బావకు పోతుంది, బావ నుంచి అక్కకు పోతుంది. పొద్దున లేస్తే వాగుతూనే ఉండే నా నోటికి ఆ ఒక్క మాట బరువైంది. (ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ పక్క ఊరి దారిలో వెళ్తే నాకు మోకాళ్లు నొప్పి పుడతాయి. వయసు వల్ల అంటారు మా ఇంట్లో.)

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. తెలివైనదని ఆ పూట గట్టిగా నమ్మాను. బంతిలో ఉండేది ఏమిటి? గాలి. గాలి చేసే పనేమిటి? తోలును గుండ్రంగా నిలబెట్టడం. ఆ పని దూది చేయలేదా? మా ఊళ్లో గాలికంటే ఎక్కువ దొరికేది దూదే. మిల్లు వెనక రేకు సందులోంచి దూరి, మూలల్లో ఊడ్చి పెట్టిన దూదిని ఒళ్లో వేసుకుని కూర్చున్నాను. పిడికెడు పెట్టడం, కర్ర మొద్దుతో కూరడం, మడమ ఆనించి నొక్కడం, మళ్లీ పిడికెడు. ఒక బంతిలో రెండు దిండ్ల దూది పడుతుందని నాకప్పటిదాకా తెలియదు. పడుతుంది, నాలాంటి పనివాడు కూరితే. చివరికి లేసు బిగించి, ఆముదం రాసి తుడిస్తే కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడింది. నొక్కితే బొటనవేలు దిగలేదు. గాలైతే ఎప్పుడో ఒకప్పుడు పోతుంది, ఇది జన్మలో పోదు అనుకుని, నా పనితనానికి నేనే మురిసి, దాన్ని తీసుకెళ్లి మామ ఇంటి అరుగు మీద పెట్టి వచ్చేశాను.

ఆదివారం పొద్దుటి నుంచే తుంపర. కాగితం మిల్లు సాబు పెద్ద నల్ల గొడుగుతో దిగాడు. నేను చేసి చూపించినట్టు దగ్గలేదు, మీసం దువ్వలేదు. మంచి మనిషిలా ఉన్నాడు, అది నాకు ఇంకా బాధైంది. మా మిల్లులో లెక్కలు రాసే మున్షీ ఆయనకు కుర్చీ వేయించాడు. మిషన్ పిల్లలు బూట్లతో వచ్చారు, పాస్టరయ్య ఈల తీసుకుని నడిమధ్య నిలబడ్డాడు. అక్క గోడ దగ్గర కొంగు నెత్తిన కప్పుకుని నిలబడింది. ఆట మొదలైంది. మొదటి తన్నుకు బంతి 'దబ్' మని దొర్లింది గానీ లేవలేదు.

"ఏందిరా, బంతి ఎగురుతలేదు?" అన్నాడు గీత బయట నుంచి ఫౌజు మామ.

"నేల నానింది మామా."

"నేల నానితే బంతికేమైతది?"

"అదిగుడ నానింది మామా."

అప్పటిదాకా నానలేదు. ఆ తర్వాత నానింది. తుంపర వానైంది, వాన జోరందుకుంది. దూది నీళ్లు తాగుతుందన్న సంగతి పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నాకు తెలుసు. శనివారం మధ్యాహ్నం ఒక్కపూట ఎలా మరిచానో, అది మాత్రం నాకు ఇవాళ్టికీ తెలియదు. మిషన్ జట్టులో గట్టి పిల్లవాడొకడు దూరం నుంచి వచ్చి తన్ని, బూటు పట్టుకుని కూలబడ్డాడు. ఆ తర్వాత వాళ్లెవరూ దాని జోలికి రాలేదు. అంగడిలో బర్రె చుట్టూ బేరగాళ్లు నిలబడ్డట్టు బంతి చుట్టూ నిలబడి చూడసాగారు. మా వాళ్లు మాత్రం నాలుగు నెలల్లో మొదటిసారి హుషారయ్యారు. వాళ్ల కాళ్లకు అలవాటైన సరుకు దొరికింది. ఒకడు మడమతో తొక్కి ముందుకు నెడితే, ఇంకొకడు అందుకుని నెట్టాడు. పెట్టెలో తొక్కేటప్పుడు అనేట్టు "హైసా, హైసా" అని గొంతు కలిపారు. బంతి బురదలో దున్నుకుంటూ మెల్లమెల్లగా మిషన్ గోలు ముందుకు చేరింది. సాబు కుర్చీలోంచి లేచాడు.

బావకు ఆ తొక్కుడు నచ్చక దూరంగా పక్కన నిలబడి ఉన్నాడు. బంతి గోలు ముందుకు రావడం చూశాడు, సాబు లేవడం చూశాడు. ఇంతే అదను అనుకున్నాడు. పది గజాల నుంచి పరుగు అందుకున్నాడు, వట్టి కాళ్లతో. ఆయన ఎంత బలంగా తన్నగలడో నాకు తెలుసు. ఆ తోలు లోపల ఏముందో కూడా ఆ మైదానంలో నా ఒక్కడికే తెలుసు. 'బావా, తన్నకు' అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. నోరు తెరిచాను. గోడ దగ్గర అక్క నావైపే చూస్తోంది. ఏమీ చెయ్యనని మాటిచ్చాను గదా అని గుర్తొచ్చి మూశాను. నా బతుకులో మాట నిలబెట్టుకున్నది ఆ ఒక్కసారే.

ఎండిన పత్తి కట్టె విరిచినట్టు వినిపించింది. బంతి జానెడు జరిగింది. బావ పక్కనే బురదలో కూర్చుండిపోయాడు. లేసు తెగి తోలు విచ్చుకుని లోపలినుంచి తెల్లగా దూది పొంగింది. పత్తి విచ్చుకుంటే చూసి మురిసే ఊరు మాది. ఆ రోజు ఒక్కరూ మురవలేదు. ఫౌజు మామ వచ్చి దాన్ని రెండు చేతులతో ఎత్తలేక ఎత్తి, వేలితో నొక్కి చూసి, "గింత గట్టిగ తొక్కేటోడు ఈ ఊర్ల ఒక్కడే ఉన్నడు" అన్నాడు. అరవలేదు. అందరూ నావైపు తిరిగారు. నా పనితనాన్ని ఊరంతా ఒప్పుకున్నది ఆ ఒక్కరోజే.

"బామ్మర్దీ, ఇందుల గాలి ఏమైంది?" అన్నాడు బావ, కాలు పట్టుకుని.

"పోయింది బావా. నిన్న."

"జర చెప్పకపోతివి" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ని.

సాబు గొడుగు కింద ఆ తడిబంతిని తిప్పి తిప్పి చూశాడు. "కాయ్ రే, గిది నీ చెయ్యేనా?" అని మరాఠీ కలిసిన మాటతో అడిగాడు. తప్పు ఒప్పుకోవడానికి తలూపాను. "మా మిల్లుల బేళ్లు కట్టే మనుషులు దొరుకుతలేరు, మస్తు పరేషాన్ అయితుంది. గిట్ల దాబ్ పెట్టి తొక్కేటోడే బరోబర్. నువ్వు లౌకర్, జల్ది వచ్చి చేరు" అన్నాడు. నేను ఆయన కాళ్ల మీద పడినంత పని చేశాను. "సాబ్, ఆటగాడు మా బావ. ఆయనను తీస్కపోండ్రి. నాకు ఆట రాదు" అన్నాను. ఆయన బావ పాదం వైపు చూశాడు. అది అప్పటికే సొరకాయంత అయింది. "విరిగిన కాలును తీస్కపోయి ఆటగాడంటే నన్నేమంటరు? నువ్వు బనీను తొడిగినవ్ గద, చాలు. ఆటగాన్ని తెమ్మని నన్ను పంపిన్రు, నిన్నే ఆటగాడని రాస్కుంట" అని జేబులోంచి కాగితం తీసి నా పేరు రాసుకున్నాడు.

కట్టు కట్టేవాడు వచ్చి బావ కాలికి వెదురు బద్దలు వేసి వెళ్లాక నేను పోనని అక్కతో చెప్పాను. ఆమె బావ కాలి కింద దిండు సర్దింది. తర్వాత, "పో. ఇంటికొక్కడన్న పనిల ఉండాలె. నువ్వు గూసుంటె ఆయన కాలు వస్తదా?" అంది. మళ్లీ నావైపు తిరిగి, "రోజూ వాగుతవ్ గద, ఇయ్యాల ఒకటి చెప్పురా. నవ్వుత" అంది. వెతికాను. నిజంగానే వెతికాను. నాకు ఒక్కటి కూడా రాలేదు.

దసరా దాటగానే పత్తి బండ్లు వచ్చి మా మైదానమంతా నిండిపోయింది. ఆ ఏడు పత్తి కాలమంతా బావ మంచం మీదే గడిపి, నడవగలిగాక బొంబాయి బయల్దేరాడు. ఆయన బండి కాజీపేట దిక్కు పోయింది. నేను అప్పటికే బల్లార్షా దిక్కు పోయి కాగితం మిల్లులో బేళ్లు కడుతున్నాను. రిజిస్టరులో నేను ఆటగాణ్ని. వారమంతా ప్రెస్సు దగ్గర, ఆదివారం బూట్లేసుకుని మైదానంలో. కెప్టెన్ నన్ను బంతి ఎక్కువగా రాని చోటు వెతికి నిలబెట్టేవాడు. ఒక్కోసారి అక్కడికి కూడా వచ్చేది. జట్టులో నన్నెందుకు ఉంచారంటే, ఓడిపోయి వచ్చేటప్పుడు దారంతా నవ్వించడానికి.

మూడేళ్ల తర్వాత ఒక వానాకాలం బావ సెలవు మీద వచ్చి అక్కను తీసుకుని నన్ను చూడ్డానికి వచ్చాడు. ఆదివారం ఇద్దరూ గీత అవతల కూర్చుని మా ఆట చూశారు. ఒక దఫా బంతి బయటికి పోయి బావ ముందు ఆగింది. ఆయన లేచాడు. వంకరగా అతుక్కున్న పాదాన్ని నేలకు ఆనించి, మంచి కాలితో దాన్ని పైకి లేపి, మోకాలి మీద ఒకసారి, నుదుటి మీద ఒకసారి, మళ్లీ మోకాలి మీద ఆడించాడు. పరుగెత్తడం ఆయన వల్ల కాదు, నిలబడ్డ చోటే ఆ కాసేపూ ఆడాడు. ఆ తర్వాత సరిగ్గా నా కాళ్ల దగ్గరికి పంపాడు. నా రెండు కాళ్ల మధ్యనుంచే అది వెళ్లిపోయింది. మైదానంలో అందరూ ఆగి నిలబడ్డారు. కెప్టెన్ నా దగ్గరికొచ్చి, "ఎవలురా ఆయన?" అన్నాడు.

"మా బావ. ఈ మిల్లుకు రావల్సిన ఆటగాడు ఆయన. నేను పొరపాటున వచ్చిన" అన్నాను.

కెప్టెన్ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరే, గీన ఏం చెప్తున్నడో వినుండ్రిరా" అని మిగతావాళ్లకు చెప్పాడు. వాళ్లూ నవ్వారు. గీత అవతల బావ కూడా నవ్వాడు. అక్క కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్విందో లేదో నాకు కనిపించలేదు. తనకు వదులైన ఆ పెద్ద బూట్లలో నిలబడి, ఎన్నడూ లేంది ఒక్క నిజం చెప్పి, దాన్ని ఎవరికి ఎలా నమ్మించాలో తెలియక వాళ్లతో పాటు తానూ నవ్వేసిన ఆనాటి నన్ను, ఆ పిల్లవాణ్ని, తలుచుకుంటే, ఇప్పుడు నాకూ చిన్నగా నవ్వొస్తుంది. సగం దాకా వచ్చి ఆగుతుంది.